తిరిగి అడగలేని పెట్టె: ఉపగ్రహం నుంచి, ఇంటర్నెట్ నుంచి టీవీకి బొమ్మ ఎలా చేరుతుంది

డీటీహెచ్ రీచార్జ్ చేయగానే ఫోన్‌కు ఒక సూచన వస్తుంది. బాక్స్ ఆన్ చేసి, ఆగిపోయిన చానల్ పెట్టి, కాసేపు అలాగే ఉంచమంటుంది. డబ్బు కంపెనీకి చేరడానికి క్షణం పట్టలేదు. అయినా ఎదురుచూడాల్సిందే. కారణం ఏమిటంటే, ఆ బాక్స్‌కు కంపెనీతో మాట్లాడే దారి లేదు. పైకప్పు మీది డిష్ వినగలదు, పలకలేదు. అందుకని కంపెనీ ఆ బాక్స్ నంబరుతో ఒక అనుమతి సందేశం తయారుచేసి ఉపగ్రహానికి ఎక్కిస్తుంది. అది దేశమంతటా ఉన్న బాక్సులన్నిటి మీదా మళ్లీ మళ్లీ పడుతూ ఉంటుంది. తన నంబరున్న సందేశం వచ్చిన సమయానికి బాక్స్ మేలుకుని ఉంటే పట్టుకుంటుంది. నిద్రలో ఉంటే ఆ సందేశం చేరలేదన్న సంగతి కూడా కంపెనీకి తెలియదు.

ఉపగ్రహ ప్రసారానికీ, ఐపీ అంటే ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే ప్రసారానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఒకదానిలో చూసేవైపు నుంచి తిరుగుదారి లేదు, రెండోదానిలో ఉంది. వాన పడితే డిష్‌లో బొమ్మ పోవడం, ఫోన్‌లో క్రికెట్ ఆలస్యంగా రావడం, పెద్ద మ్యాచ్ రోజున యాప్ మొరాయించడం వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే దాదాపు అన్నీ ఈ తేడా దగ్గరికే చేరతాయి.

ఆకాశం నుంచి పైకప్పు దాకా

ప్రసార భారతి నడిపే డీడీ ఫ్రీ డిష్‌ను చూద్దాం. 2004 డిసెంబరులో మొదలైన ఈ సేవకు నెలవారీ చందా లేదు. చానళ్లు జీశాట్-15 నుంచి వస్తాయి. ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి కింద నుంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టే. హైదరాబాద్ నుంచి అది ఆగ్నేయ దిక్కున, దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ దిక్కున ఇంటిని ఆనుకుని పెద్ద అపార్ట్‌మెంటో, ఏపుగా పెరిగిన చెట్టో ఉంటే ఎంత ఖరీదైన డిష్ పెట్టినా ఫలితం ఉండదు.

అంత దూరం నుంచి వచ్చేసరికి సిగ్నల్‌లో మిగిలే శక్తి నమ్మలేనంత తక్కువ. ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే వాటిలో ఒకటి రెండు ముక్కలంత శక్తి మాత్రమే 60 సెంటీమీటర్ల డిష్‌కు చిక్కుతుంది. దాన్ని ఒకచోటికి చేర్చడమే డిష్ పని. చేరినచోట, డిష్ ముందు ఉండే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీ. ఈ మొత్తం వ్యవస్థలో చవకగా దొరికే, ఎవరూ పట్టించుకోని భాగం ఇదే అయినా పని మాత్రం చాలా కీలకం. వీలైనంత తక్కువ గోల, అంటే సిగ్నల్ కాని అనవసరపు శక్తి, కలుపుతూ సిగ్నల్‌ను పెంచాలి. 11, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉండే ఆ పౌనఃపున్యాన్ని మామూలు వైరు మోయలేదు కాబట్టి 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించాలి.

ఒకే పౌనఃపున్యం మీద రెండు వేర్వేరు ప్రసారాలు పంపడానికి ఒకదాన్ని నిలువుగా, మరొకదాన్ని అడ్డంగా కంపించేలా పంపుతారు. ఏది కావాలో బాక్స్ అదే వైరులో పంపే కరెంటుతో చెబుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం. ఇంట్లో సగం చానళ్లు వస్తూ సగం రాకపోతే డిష్ తిప్పేముందు వైరు, కనెక్టర్ చూడాలి. తుప్పు పట్టిన కనెక్టర్ దగ్గర వోల్టేజీ పడిపోతే 18 పంపినా ఎల్‌ఎన్‌బీ దాన్ని 13 అనుకుంటుంది. అప్పుడు అడ్డం వైపు చానళ్లన్నీ మాయమవుతాయి.

బాక్స్ తెరమీద కనిపించే రెండు గీతల సంగతీ తెలుసుకోవాలి. ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. స్ట్రెంత్ అంటే వైరులో వస్తున్న మొత్తం శక్తి, గోల కూడా అందులో భాగమే. స్ట్రెంత్ 80 ఉండి క్వాలిటీ సున్నా ఉంటే ఎల్‌ఎన్‌బీ పనిచేస్తోంది గానీ డిష్ వేరే దిక్కు చూస్తోందని అర్థం కావచ్చు. నమ్మాల్సింది క్వాలిటీనే. ఎందుకంటే అసలు సిగ్నల్ గోలకంటే ఎంత పైన ఉందో చెప్పేది అదే.

వాన చినుకులు ఈ 11, 12 గిగాహెర్ట్జ్ తరంగాలను (కేయూ బ్యాండ్ అంటారు) పీల్చేస్తాయి, పైగా తమవైపు నుంచి గోల కలుపుతాయి. కేబుల్ ఆపరేటర్ల కంట్రోల్ రూమ్‌ల మీద కనిపించే పెద్ద పెద్ద డిష్‌లు పట్టేది 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ సీ బ్యాండ్. తరంగం పొడవు ఎక్కువ కాబట్టి వాన దాన్ని పెద్దగా ఏమీ చేయదు. కుండపోత వానలో డీటీహెచ్ పోయినా కేబుల్ నడవడానికి కారణం ఇదే. అయితే సీ బ్యాండ్‌కు కొత్త పోరు వచ్చింది. 2022 వేలంలో 5జీకి ఇచ్చిన 3300–3670 మెగాహెర్ట్జ్ దీనికి పక్కనే ఉంది. పాత ఎల్‌ఎన్‌బీలు 3.4 గిగాహెర్ట్జ్ నుంచే అన్నిటినీ లోపలికి రానిస్తాయి. పక్కవీధిలో 5జీ టవర్ లేస్తే దాని జోరుకు ఉపగ్రహపు బలహీన స్వరం మునిగిపోతుంది. ఎల్‌ఎన్‌బీకి ముందు ఫిల్టర్ బిగించడమే దీనికి మందు. చిన్న ఆపరేటర్‌కు అది అదనపు ఖర్చు.

ఏ ఫిల్టరూ ఆపలేని అంతరాయం ఒకటుంది. మార్చి రెండో వారం ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకు తెలుగు ప్రాంతాల నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి పోతాడు. సూర్యుడి నుంచి పెద్ద రేడియో గోల కూడా వస్తుంది. కొన్ని రోజులపాటు రోజుకు కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. మరమ్మతు అక్కర్లేదు, సూర్యుడు పక్కకు జరిగితే అదే వస్తుంది.

ముందుగానే పంపే మందు

ఇంత బలహీనమైన సిగ్నల్‌లో కొన్ని బిట్లు చెడిపోవడం ఖాయం. "ఇది సరిగా రాలేదు, మళ్లీ పంపు" అని బాక్స్ అడగలేదు. కాబట్టి ఏం చెడిపోతుందో తెలియకుండానే, చెడితే బాగుచేసుకునే సామాను పంపేవాళ్లు ముందే జోడించాలి. 7, 4, 9 అనే మూడు అంకెలతో పాటు వాటి మొత్తం 20 కూడా పంపితే మధ్య అంకె దారిలో పోయినా అది 4 అని తేల్చుకోవచ్చు. అసలు పద్ధతి ఇంతకంటే ఎంతో జటిలమైనా మూల సూత్రం ఇదే. గోల ఉన్న దారిలో కూడా ఒక హద్దు లోపల తప్పుల్లేకుండా సమాచారం పంపవచ్చని క్లాడ్ షానన్ 1948లో గణితంతో నిరూపించాడు. ఆ హద్దు దగ్గరికి చేరే కోడ్‌లలో ఒకదాన్ని రాబర్ట్ గాలగర్ 1960ల మొదట్లోనే కనిపెట్టాడు. దాన్ని విప్పగల చిప్‌లు అప్పుడు లేవు. 1990లలో దాన్ని మళ్లీ వెలికితీశారు. ఉపగ్రహ టీవీ ప్రసారానికి 2005లో ప్రమాణంగా వచ్చిన డీవీబీ-ఎస్2 దాన్నే వాడుకుంది. ఒక్కో కట్టలో 64,800 బిట్లు పెట్టి, వాటి మధ్య ఉన్న లెక్కల సంబంధాలతో చెడిపోయినవాటిని సరిచేస్తుంది. పాత డీవీబీ-ఎస్‌తో పోలిస్తే అదే ట్రాన్స్‌పాండర్‌లో (ప్రసారాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే ఉపగ్రహ భాగంలో) దాదాపు 30 శాతం ఎక్కువ సమాచారం పట్టింది. నలభై ఏళ్లపాటు కాగితం మీద ఉండిపోయిన ఒక ఆలోచన ఇవాళ పల్లెటూరి పెంకుటింటి టీవీలో పనిచేయడం నిజంగా అబ్బురమే.

లెక్క వేస్తే దీని ఖరీదు తెలుస్తుంది. సెకనుకు 3 కోట్ల సంకేతాలు, ఒక్కో సంకేతంలో 3 బిట్లు, అంటే 90 మెగాబిట్లు. ప్రతి 4 బిట్లలో 3 మాత్రమే సమాచారం, ఒకటి మందు, అంటే దిద్దుబాటు సామాను. చివరికి చేతికొచ్చేది 67 మెగాబిట్ల దాకా. మిగతాది ఎన్నడూ బొమ్మగా మారదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అది వృథాలాగే కనిపిస్తుంది. కానీ ఏ ఊళ్లో ఏ నిమిషాన వాన పడుతోందో పంపేవాళ్లకు తెలియదు కాబట్టి, అందరికంటే కష్టంలో ఉన్న డిష్‌ను దృష్టిలో పెట్టుకుని అందరికీ ఆ పాళ్లలోనే పంపాలి. డీవీబీ-ఎస్2లోనే వాతావరణాన్ని బట్టి మందు పాళ్లు మార్చే ఏర్పాటు ఉంది. బ్యాంకులు, ఏటీఎంలు వాడే రెండువైపుల ఉపగ్రహ లింకుల్లో అది పనికొస్తుంది. ఇళ్లకు వచ్చే ప్రసారంలో పనికిరాదు, పరిస్థితి చెప్పేవాళ్లు ఉండరు గనక.

దీని పర్యవసానంగానే డిజిటల్ బొమ్మ ఉంటే నిండుగా ఉంటుంది, పోతే పూర్తిగా పోతుంది. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ చుక్కలు చుక్కలుగా మారేది, కానీ మాట వినపడేది. ఇప్పుడు దిద్దుబాటు సామాను సరిపోయినంతవరకు ఒక్క లోపమూ కనిపించదు. ఆ హద్దు దాటాక మరికాస్త తగ్గితే చాలు, ముందు గళ్లు గళ్లుగా పగిలి ఆ వెంటనే తెర నల్లబడుతుంది. ఎప్పుడూ హద్దుకు దగ్గరగానే ఉన్న డిష్, ఎండాకాలమంతా బాగున్నట్టే ఉండి తొలకరికి చేతులెత్తేస్తుంది. డిష్ బిగించేటప్పుడు "బొమ్మ వచ్చింది కదా" అని ఆపేయకుండా క్వాలిటీ ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడిదాకా తిప్పి బిగించాలనేది అందుకే.

బిట్లు బొమ్మగా మారేచోట

దిద్దుబాటు అయ్యాక బాక్స్ చేతికి వచ్చేది 188 బైట్ల చిన్న పొట్లాల వరుస. అందులో ఇరవై చానళ్ల బొమ్మలు, మాటలు, కార్యక్రమాల పట్టిక, అనుమతి సందేశాలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ప్రతి పొట్లం మీదా ఒక సంఖ్య ఉంటుంది. సున్నా సంఖ్య ఉన్న పొట్లాల్లో చానళ్ల జాబితా, దాన్ని బట్టి ఒక్కో చానల్‌కు బొమ్మ ఏ సంఖ్యలో, మాట ఏ సంఖ్యలో ఉన్నాయో చెప్పే మరో పట్టిక. కొత్తగా ట్యూన్ అయిన బాక్స్ ఈ పట్టికలు ఎక్కడున్నాయని అడగలేదు కాబట్టి అవి సెకనుకు ఎన్నోసార్లు వస్తూనే ఉంటాయి. గడియారం కూడా అలాగే వస్తుంది. పంపేవైపు సెకనుకు 2.7 కోట్లసార్లు కొట్టుకునే గడియారం విలువను మధ్యమధ్యలో పొట్లాల్లో పెడతారు. బాక్స్ తన గడియారాన్ని దానితో సరిచేసుకోకపోతే పెదవులొకటి మాటొకటి అవుతాయి.

చందా చానళ్లకు తాళం ఉంటుంది. బొమ్మను కలగలిపిన తాళంచెవి పది సెకన్లకోసారో అంతకు కాస్త అటూ ఇటూగానో మారిపోతుంది. కొత్త తాళంచెవి కూడా తాళం వేసిన రూపంలోనే ప్రసారంలో వస్తుంది. చందా కట్టిన బాక్స్‌లోని కార్డు మాత్రమే దాన్ని విప్పగలదు. ఆ హక్కు కార్డుకు ఇచ్చేది మొదట చెప్పుకున్న అనుమతి సందేశం. కంట్రోల్ రూమ్‌లో కేబుల్ ఆపరేటర్ దగ్గర ఉండే, ఉపగ్రహ ప్రసారం అందుకుని తాళం విప్పే ఐఆర్‌డీ పెట్టెలూ ఇంతే. బకాయి పడిన ఆపరేటర్ ఐఆర్‌డీని చానల్ వాళ్లు ఎక్కడో కూర్చుని ఆపేయగలరు. అదీ ఆకాశం నుంచి వచ్చిన ఏకపక్ష ఆజ్ఞే.

ఇక చివరి మెట్టు. కుదించని హెచ్‌డీ బొమ్మ సెకనుకు దాదాపు 1.5 గిగాబిట్లు. హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో అది 6 నుంచి 8 మెగాబిట్లకు దిగుతుంది. ఒక పూర్తి ఫ్రేము పంపి, తర్వాతివాటిలో మారిన భాగాలే చెప్పడం వల్ల ఇది సాధ్యమైంది. చానల్ మార్చగానే బొమ్మ రావడానికి సెకనో సెకనున్నరో పట్టేది, తర్వాతి పూర్తి ఫ్రేము కోసం ఆగడం వల్ల. దారిలో ఒక్క పొట్లం పోయినా, మార్పుల మీద మార్పులు పేర్చుకుంటూ పోయి మళ్లీ పూర్తి ఫ్రేము వచ్చేదాకా ముఖాలు గళ్లుగా సాగుతూనే ఉంటాయి. పూర్తి ఫ్రేములు తరచుగా పంపితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి, కానీ బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. ట్రాన్స్‌పాండర్ అద్దె కట్టేవాళ్లు ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు.

తిరిగి అడగగలిగితే ఏం మారుతుంది

ఐపీలో కూడా మొదట ఇవే పొట్లాలు. ఏడు పొట్లాలను కలిపితే 1,316 బైట్లు. ఈథర్‌నెట్ మోయగల 1,500 బైట్లలో ఇమిడే గరిష్ఠ సంఖ్య ఏడే. అందుకే టీవీ స్టేషన్ల నుంచి నెట్‌వర్క్‌లోకి వెళ్లే ప్రసారం ఎక్కువగా ఈ ఏడేసి కట్టల్లోనే కనిపిస్తుంది. ఉపగ్రహంలో బిట్లు చెడతాయి, ఇంటర్నెట్‌లో కట్టలకు కట్టలే పోతాయి, లేదా వరుస తప్పి వస్తాయి. కానీ పోయినదాన్ని అడిగి తెప్పించుకోవచ్చు. హైవిజన్ సంస్థ తయారుచేసి 2017లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఎస్ఆర్‌టీ అనే వీడియో పంపే పద్ధతి చేసేది ఇదే. అందుకునేవైపు పోయిన కట్ట సంఖ్య చెబుతుంది, పంపేవైపు అదొక్కటే మళ్లీ పంపుతుంది. ముందుగానే మందు మోయనక్కర్లేదు.

కానీ అడిగి తెప్పించుకోవడానికి సమయం కావాలి. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్లి తిరిగిరావడానికి పావు సెకను దాకా పడుతుంది. అడిగినది కూడా దారిలో పోవచ్చు, మళ్లీ అడగాలి. అందుకే వచ్చి వెళ్లే సమయానికి నాలుగు రెట్లు ఆగి చూపించేలా పెట్టుకోవడం వాడుక. ఒక సెకను ఆలస్యాన్ని ఇచ్చి భద్రతను కొనుక్కోవడమన్నమాట. వార్తాచానల్ రిపోర్టర్ వీపు సంచిలో నాలుగైదు సిమ్‌లతో లైవ్ ఇస్తున్నప్పుడు, స్టూడియో ప్రశ్నకు జవాబు రావడానికి ముందు ఆ కాసేపు మౌనంగా నిలబడటంలో ఈ లావాదేవీ తెరమీదే కనిపిస్తుంది.

ఫోన్ యాప్‌ల దగ్గర ఈ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, తర్వాత వచ్చిన డ్యాష్ ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, మామూలు వెబ్ పేజీలు తెచ్చుకున్నట్టే ఫోన్ తెచ్చుకునేలా చేశాయి. నెట్ నెమ్మదిస్తే తర్వాతి ముక్కను తక్కువ నాణ్యతలో అడుగుతుంది. వానకు తెర నల్లబడే డిష్‌కు లేని సౌలభ్యం ఇది. కానీ ఒక ముక్క పూర్తిగా తయారయ్యేదాకా పంపడానికి లేదు. ఆరు సెకన్ల ముక్కలు మూడు దగ్గర పెట్టుకుని మొదలుపెడితే అక్కడికే పద్దెనిమిది సెకన్లు. ఉపగ్రహానికి ఎక్కి దిగడానికి పట్టేది పావు సెకనే. చానల్ నుంచి డీటీహెచ్ కంపెనీకి ఒకసారి, అక్కడి నుంచి ఇళ్లకు ఇంకోసారి ఎక్కి దిగినా అర సెకను, ఆపైన కుదింపుకు పట్టే కొన్ని సెకన్లు. పక్కింట్లో వికెట్ పడిన కేకలు వినిపించాక కూడా ఫోన్‌లో బౌలర్ ఇంకా రనప్‌లోనే ఉంటాడు. ముక్కలను ఇంకా చిన్నవి చేసి పంపే పద్ధతులు వచ్చాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ నెట్ తడబాటును తట్టుకునే నిల్వ తగ్గుతుంది, బఫరింగ్ చక్రం తిరిగే అవకాశం పెరుగుతుంది.

తిరుగుదారికి ఇంకో మూల్యం ఉంది. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబివ్వాలి. 2023 నవంబరు 19న భారత్, ఆస్ట్రేలియా ప్రపంచ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు. అంటే అన్ని కోట్ల వేర్వేరు ప్రవాహాలు. ఒక్కొక్కరికి 2 మెగాబిట్లు వేసుకున్నా మొత్తం 118 టెరాబిట్లు. అదే మ్యాచ్‌ను ఉపగ్రహం నుంచి ఎన్ని కోట్ల డిష్‌లు పట్టుకున్నా పైనుంచి దిగేది ఆ కొద్ది మెగాబిట్ల ప్రవాహం ఒక్కటే. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి ఐపీటీవీ సేవలది మధ్యరకం దారి. నెట్‌వర్క్ అంతా ఒకరి చేతిలోనే ఉంటుంది కాబట్టి అక్కడ మల్టీకాస్ట్ నడపవచ్చు. రిమోట్ నొక్కగానే బాక్స్ "నన్ను ఈ చానల్ గుంపులో చేర్చు" అని దగ్గరి స్విచ్‌కు చెబుతుంది. వీధిలో వంద ఇళ్లు ఒకే చానల్ చూస్తున్నా అక్కడిదాకా ఒక ప్రతే వస్తుంది. బహిరంగ ఇంటర్నెట్‌లో ఈ పద్ధతి సాగదు, మధ్యలో ఉన్న కంపెనీలన్నీ ఒప్పుకోవాలి కనుక.

అడిగే పెట్టె గురించి అవతలివాళ్లకు తెలుస్తుందన్న సంగతీ మరువకూడదు. ఏ యాప్‌లో ఎవరు ఎక్కడిదాకా చూసి ఆపేశారో కంపెనీకి సెకన్లతో సహా తెలుసు. డిష్ చూసే ఇంట్లో ఏం పెట్టుకున్నారో ఎవరికీ తెలియదు. అందుకే టీవీ రేటింగులు లెక్కించే బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో ప్రత్యేకంగా మీటర్లు పెట్టి అంచనా కట్టాల్సి వస్తోంది. ప్రకటనకర్తకు అది లోటు. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, ఫ్రీ డిష్ ముందు కూర్చున్న మనిషికి దక్కే గోప్యత తక్కువ విలువైనదేమీ కాదు.

ఏకపక్ష ప్రసారం అంటే పాతకాలపు వ్యవహారం, త్వరలో అంతా ఐపీయే అని తేల్చేయడం తొందరపాటు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6తో ఇస్రో నడిపిన సైట్ అనే బోధనా టీవీ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు మూడు మీటర్ల జాలీ యాంటెన్నాలతో టీవీ చేరింది. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. అప్పటికి ఎన్నో పల్లెలకు ఫోన్ లైను కూడా లేదు. తిరుగుదారి అవసరం లేకపోవడమే ఆ ప్రయోగాన్ని సాధ్యం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, మొబైల్ నెట్‌వర్క్ కుప్పకూలాయి. అలాంటి గాలికి డిష్‌లూ నిలవవు. కానీ ఒక డిష్‌ను మళ్లీ నిలబెట్టడానికి ఒక మనిషి, ఒక స్పానర్, ఒక బ్యాటరీ చాలు. తెగిన ఫైబర్, పడిన టవర్లు అంత త్వరగా లేవవు.

అందుకే ఇప్పుడు ఫోన్‌లోకి కూడా ఏకపక్ష ప్రసారాన్ని తేవాలన్న ప్రయత్నం జరుగుతోంది. డైరెక్ట్ టు మొబైల్ పేరుతో ప్రసార భారతి, ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్ పరీక్షిస్తున్న పద్ధతిలో సిమ్, డేటా ప్యాక్ లేకుండానే టీవీ టవర్ నుంచి నేరుగా ఫోన్‌కు వీడియో వస్తుంది. దానికి ఫోన్‌లో వేరే చిప్, యాంటెన్నా కావాలి. క్రికెట్ ఫైనల్, తుఫాను హెచ్చరిక లాంటి అందరూ ఒకేసారి చూసేవి ఆ దారిలో పంపి, ఎవరికి వారు ఎంచుకుని చూసేవి ఐపీకి వదిలిపెడితే నెట్‌వర్క్ మీద భారం బాగా తగ్గుతుంది. ఆ చిప్ ఖర్చు ఫోన్ కంపెనీలు పెట్టుకోవాలా, కొనేవాళ్ల మీద పడాలా, ప్రభుత్వం భరించాలా అన్నది ముందు తేలాలి.